సైకిల్ షాపు గురించి నేను రాసిన నాలుగు వాక్యాలు

నలభై ఒకటో ఏట నేను సైకిల్ తొక్కడం నేర్చుకున్నాను. నేర్పింది నల్లగండ్ల పాత ఊరి రోడ్డు మీద చిన్న సైకిల్ షాపు నడిపే భార్యాభర్తలు. ఇప్పుడా షాపు లేదు. అది పోవడానికి వంద కారణాలుంటాయని మా వాళ్ళు అంటారు. ఉండొచ్చు. అందులో ఒకదాన్ని నేను.

మాది కడప జిల్లా. చిన్నప్పుడు మా ఇంట్లో సైకిల్ ఉండేది కానీ అది మా అన్నది. నేను ముట్టుకుంటే, "ఆడపిల్లవు, సైకిలేసుకోని యాడికి పోవల్ల నువ్వు?" అనేది మా అమ్మ. తర్వాత చదువు, హైదరాబాదులో ఉద్యోగం, పెళ్ళి, నల్లగండ్లలో ఫ్లాటు. ఆఫీసు హైటెక్ సిటీలో. పొద్దున కారులో కూర్చోవడం, పగలంతా ఆఫీసులో కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ ట్రాఫిక్‌లో కూర్చోవడం. ఒక ఏడాది ఆఫీసు వాళ్ళు చేయించిన రక్తపరీక్షలో షుగరు అంచున ఉందని తేలింది. డాక్టరు నడవమన్నారు. నడక నాకు విసుగు. మా అపార్టుమెంట్లో కొందరు ఆడవాళ్ళు పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ళ మీద వెళ్ళడం బాల్కనీలోంచి చూసేదాన్ని. ఒక ఆదివారం మా ఆయనకు కూడా చెప్పకుండా ఆ షాపుకు వెళ్ళాను.

షాపంటే ఒకటే షట్టరు. లోపల గోడలకు టైర్లు, ట్యూబులు. ఒక గాజు బీరువా నిండా బ్రేకు రబ్బర్లు, బెల్లులు, గేర్ల సామాన్లు. బయట నీళ్ళ తొట్టి ముందు కూర్చుని ఒక ఆడమనిషి పంక్చర్ వేస్తోంది. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. ఆమె భర్త లోపల ఒక చక్రాన్ని తిప్పుతూ, ఒక కన్ను మూసి చూస్తూ, దాని వంకర తీస్తున్నాడు.

"ఎవరికి మేడం సైకిల్? పిల్లలకా?" అన్నాడు.

"నాకే అన్నా. కానీ నాకు తొక్కడం రాదు."

నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. మూలనున్న పాత సైకిల్ ఒకటి బయటికి తీసి, సీటు బాగా కిందికి దించి, స్పానరు తెచ్చి రెండు పెడళ్ళూ విప్పేశాడు.

"గిట్ల కూసోని కాళ్ళతోని నెట్టుకుంట పోండ్రి. ముందుగాల బ్యాలెన్సు రావాలె. పెడళ్ళు తర్వాత పెడత."

షాపు వెనక సందులో నాలుగు ఆదివారాలు నేర్చుకున్నాను. మొదటి రెండు వారాలు కాళ్ళతో నెట్టుకుంటూ తిరిగాను. మూడో వారం పెడళ్ళు పెట్టాడు. అప్పటి నుంచి ఆయన దగ్గరికి రాలేదు, భార్యను పంపాడు. ఆమె చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, క్యారియర్ పట్టుకుని నా వెనక పరిగెత్తేది. "పట్టుకున్న అక్కా, ఎన్కకు సూడకు, ముంగటికే సూడు" అని అరిచేది. నాకన్నా ఆరేడేళ్ళు చిన్నది. మూడు నాలుగు సార్లు పడ్డాను, ఒకసారి ఆమె మీదే పడ్డాను. ఇద్దరం రోడ్డు మీద కూలబడి కడుపుబ్బ నవ్వుకున్నాం. సందు చివర దాకా ఒక్కదాన్నే వెళ్ళి వచ్చిన రోజు నా చిన్నతనంలో దొరకనిది ఏదో దొరికినట్టు ఏడుపొచ్చింది. నేర్పినందుకు వాళ్ళు ఏమీ తీసుకోలేదు. ఏడు గేర్ల సైకిల్ ఒకటి వాళ్ళ దగ్గరే కొన్నాను.

ఆ తర్వాత అపార్టుమెంటు ఆడవాళ్ళ గుంపులో నేనూ చేరాను. వాళ్ళందరికీ ఆ షాపు గురించి నేనే చెప్పాను. ఆ ఏడాది షాపుకు మా వైపు నుంచి బేరాలు బాగానే వచ్చాయి. ఇది చెప్పుకునే హక్కు నాకుందో లేదో తెలియదు కానీ, జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఆన్‌లైన్ కొనుగోళ్ళు ఒక లైటుతో మొదలయ్యాయి. తర్వాత నీళ్ళ సీసా పెట్టుకునే స్టాండు. తర్వాత టైర్లు, బ్రేకు రబ్బర్లు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. రెంటిని పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టడమే నా పని. ఏ వస్తువు ఎక్కడ చవకో వెతికి వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టేదాన్ని. చప్పట్ల బొమ్మలు వచ్చేవి. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. డబ్బాలు ఇంటికి రాగానే వాటిని తీసుకుని అదే షాపుకు వెళ్ళి బిగించమనేవాళ్ళం. ఆయన ఏమీ అనకుండా బిగించేవాడు. ఒక్కసారి మాత్రం నా చేతిలో బ్రేకు రబ్బర్ల డబ్బా చూసి, "గివే నా దగ్గర గూడ ఉన్నయి గదా మేడం" అన్నాడు.

"ఆన్‌లైన్లో సగానికే వచ్చాయన్నా."

"సగానికి నాకే రావు మేడం, బేగంబజార్ హోల్‌సేల్ల గూడ" అన్నాడాయన, అవి బిగిస్తూనే.

ఆ మాట విని నేను సిగ్గుపడాల్సింది. దుకాణదారుడి కంటే చవకగా కొన్నానని గర్వపడ్డాను. ఇంటికొచ్చి గ్రూపులో రాశాను కూడా. తర్వాత మా వాళ్ళు ఫోనులో ధర చూపించి, దీనికే ఇస్తావా అని ఆయన్ని అడగడం మొదలుపెట్టారు. ఇవ్వలేనంటే వెళ్ళిపోయేవారు, మళ్ళీ డబ్బా పట్టుకుని వచ్చేవారు. గాజు బీరువాలో అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, ఈయనకు స్టాకు పెట్టుకోవడం కూడా రాదే అనుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత నా సైకిల్ వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల సెట్టు అరిగింది. ఎప్పట్లాగే ఆన్‌లైన్లో వెతికాను. ఏడు చక్రాలది కొంచెం ఎక్కువ ధరకు ఉంది, ఎనిమిది చక్రాలది తక్కువకు వస్తోంది. తక్కువకే ఒకటి ఎక్కువ వస్తుంటే ఎవరు వద్దంటారు? కింద "అన్ని గేర్ సైకిళ్ళకు సరిపోతుంది" అని రాసి ఉంది. తెప్పించి షాపుకు తీసుకెళ్ళాను.

ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి డబ్బాలో పెట్టేశాడు.

"ఇది వద్దు మేడం. హ్యాండిల్ మీద మీ గేర్ మీట ఏడింటిది. ఇది ఎనిమిదింటిది. ఒకదానికొకటి పడదు. ఎత్తెక్కేటప్పుడు బలం పెడితే చైను దుంకుతది."

"సరిపోతుందని రాసుందన్నా, చూడు" అని ఫోను చూపించాను.

"రాసేటోడు తొక్కడు గదా. వాపస్ పంపుండ్రి. ఏడింటిది నేను తెప్పిస్త. లేదంటే మీరే తెప్పించుకోండ్రి, నేను బిగిస్త. ఇది మాత్రం వద్దు."

నిజానికి ఎంత మర్యాదగా చెప్పాడు! నా దగ్గరే కొను అని కూడా అనలేదు. నాకు మాత్రం తన సామాను అమ్ముకోవడానికే అలా అంటున్నాడనిపించింది. నీళ్ళ తొట్టి దగ్గర ఆయన భార్య వింటోంది. ఆమె ముందు నేను తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది.

"ఏమైనా అయితే నేను చూసుకుంటాలే. బిగించు" అన్నాను.

"జర ఆలోచించుండ్రి మేడం" అన్నాడు ఇంకోసారి. నేను కదల్లేదు. బిగించాడు. చాలాసేపు గేర్లు మార్చి మార్చి, తీగ బిగించి, వదులు చేసి, వీలైనంత సరిచేశాడు. ఇచ్చేటప్పుడు, "ఎత్తు మీద నిలబడి తొక్కకుండ్రి, పైలం" అన్నాడు.

వారం తిరక్కుండానే పడ్డాను. గోపన్‌పల్లి దాటాక ఒక ఎత్తుంది. పొద్దున్నే గుంపుగా వెళ్తున్నాం. ముందున్న వాళ్ళను అందుకోవాలని సీట్లోంచి లేచి నిలబడి తొక్కాను. చైను పట్టుతప్పింది, కుడి కాలు గాల్లో తొక్కినట్టు కిందికి జారింది, నేను డివైడరు మీద పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల కట్టు.

మొదట ఆ సామాను అమ్మిన వెబ్‌సైటుకే ఫిర్యాదు పెట్టాను. "సరిపోతుంది" అన్న ముక్కను ఫొటో తీసి పంపాను. గుర్తింపు లేని మెకానిక్ బిగించాడు కాబట్టి తమకు బాధ్యత లేదని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. ప్రతిసారీ కొత్త పేరుతో ఎవరో వచ్చి అదే వాక్యం అతికించి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి పోయేవారు. అక్కడ కోప్పడటానికి మనిషి లేడు. నేను కోప్పడగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం, కట్టు కింద దురద, నొప్పి, ఇంట్లో ఒక్కదాన్నే. ఫోను మ్యాపులో ఆ షాపు పేజీ తెరిచి, ఒక్క స్టారు ఇచ్చి, ఎడమ బొటనవేలితో నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో కొట్టాను. గేర్లు బిగించడం రాని మనిషి. చెప్పినా వినిపించుకోడు. ఇతని వల్ల నా చెయ్యి విరిగింది. ఎవరూ వెళ్ళకండి.

చెప్పినా విననిది నేను. అది రాస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు. అయినా రాశాను. నా అకౌంటు పాత ఈమెయిలుది, అందులో నా పేరు లేదు. రాసింది నేనేనని గ్రూపులో మాత్రం చెప్పాను. "మంచి పని చేశావు, ఇలాంటి వాళ్ళ గురించి చెప్పాల్సిందే" అన్నారు అందరూ. ఒకామె దాన్ని పక్క అపార్టుమెంట్ల గ్రూపుల్లో పెట్టింది.

నెల రోజులకు ఒక శనివారం గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ ఫోను చేశాడు, సైకిల్ షాపాయన వచ్చాడని. రమ్మన్నాను. జామకాయల కవరు పట్టుకుని వచ్చాడు. చెప్పులు తలుపు బయటే విడిచి, సోఫా అంచున కూర్చున్నాడు.

"చెయ్యి ఎట్లున్నది మేడం? మాకు లేటుగ తెలిసింది."

"తగ్గిందన్నా. వచ్చే వారం కట్టు విప్పుతారు."

జేబులోంచి ఫోను తీశాడు. "ఒక పని మీద వచ్చిన. ఫోన్ల నా షాపు మీద ఎవరో ఖరాబుగ రాసిండ్రంట. బాచుపల్లి కాలేజీల సదువుతది గదా మా బిడ్డ, అది సదివి చెప్పింది. అప్పటిసంది గిరాకీ లేదు. రిపేరుకు గూడ వస్తలేరు. మీరు కంప్యూటర్ల పనిచేస్తరు. గది జర తీసేపిస్తరేమోనని."

ఫోను నా ముందు పెట్టాడు. నా నాలుగు వాక్యాలు నా కళ్ళ ముందున్నాయి. ఇంగ్లీషు చదవలేని మనిషి నా మొహంలోకి చూస్తున్నాడు. నేనేనని ఒక్క మాట అంటే అయిపోయేది. పక్క గదిలో మా ఆయన లాప్‌టాప్ ముందున్నాడు, తలుపు తెరిచే ఉంది.

"ఎవరు రాశారో ఏమో అన్నా" అన్నాను. "మనం తీసేయలేం. ఆ కంపెనీకి కంప్లైంట్ పెట్టాలి. రెండు మూడు రోజులు పడుతుంది."

"గంతే చాలు మేడం. మీ మేలు మరిచిపోను" అని రెండు చేతులూ జోడించి లేచాడు.

ఆయన లిఫ్టు ఎక్కగానే మా ఆయన బయటికొచ్చాడు. "నువ్వు రాసిందే గదా అది? ఆయప్ప ముందర కూర్చోని ఏమీ తెలీనట్ల మాట్లాడినావే. దండం గూడా పెట్టించుకుంటివి."

తీసేయడానికి అర నిమిషం చాలు. కానీ వెంటనే తీసేస్తే రెండు మూడు రోజులు పడుతుందన్న నా మాట అబద్ధమైపోతుంది, ఆయనకు అనుమానం వస్తుంది. అందుకని రెండు రోజులు అలాగే ఉంచాను. నా జీవితంలో నేను చేసిన పనులన్నిటిలో తలుచుకోవడానికే కష్టమైనది ఇదే. రాయడమైనా కోపంలో రాశాను. ఆ రెండు రోజులు మాత్రం చల్లగా, లెక్కగా ఆగాను. ఆ లోపల ఇంకో ముగ్గురు దాన్ని చదివి, ఉపయోగపడిందని నొక్కారు. మూడో రోజు తీసేసి ఆయనకు ఫోను చేశాను. "సల్లగుండాలె మేడం మీరు" అన్నాడు.

కట్టు విప్పాక ఆ షాపుకు వెళ్ళి, ఏడు చక్రాల సెట్టు ఆయన దగ్గరే కొని బిగించుకుంటానని అనుకున్నాను. వెళ్ళలేకపోయాను. ఒకటి రెండు సార్లు ఆ రోడ్డు మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ మొహాన్ని చూడలేక ఆ సామాను మళ్ళీ ఆన్‌లైన్లోనే తెప్పించాను, బిగించడానికి ఇంటికే వచ్చే మనిషిని యాప్‌లో పిలిపించాను. ఆయనకు అన్యాయం చేశానన్న సిగ్గుతో ఆయనకే ఇంకో బేరం పోగొట్టాను. గ్రూపులో వాళ్ళకు నిజం చెప్పనూ లేదు. రాసింది తీసేసినట్టు ఎవరూ గమనించలేదు. వెళ్ళొద్దని వాళ్ళకు గుర్తుండిపోయింది, అంతే.

వానాకాలం అయ్యాక ఒకరోజు కారులో ఆ రోడ్డున వస్తుంటే షట్టరు మూసి ఉంది. తర్వాతి వారం కూడా మూసే ఉంది. పక్కన ఇస్త్రీ చేసే ఆయన్ని అద్దం దించి అడిగాను. "బంద్ చేసిండు మేడం. కిరాయి ఎల్తలేదని సామానంత అమ్ముకున్నడు" అన్నాడు. ఇంకొన్నాళ్ళకు అక్కడ మొబైల్ కవర్ల షాపు వచ్చింది.

ఈ ఏడాది మొదట్లో, ఆఫీసులో మా అంతస్తు ప్యాంట్రీలో కాఫీ పట్టుకుంటున్నాను. నీలం యూనిఫాం వేసుకున్న ఒక హౌస్‌కీపింగ్ మనిషి బల్లలు తుడుస్తోంది. ఇటు తిరిగింది. ఆమే. జుట్టుకు వల కట్టి, మెడలో కార్డుతో, సన్నబడి ఉంది.

"వదినా!" అన్నాను.

"మంచిగున్నరా మేడం" అంది. నవ్వలేదు. చేతిలో గుడ్డ ఆపలేదు.

"నువ్విక్కడ... ఎప్పటి నుంచి?"

"వేరే బిల్డింగుల ఉంటి. పోయిన వారం ఈడికేసిండ్రు."

"అన్న ఎలా ఉన్నాడు?"

"మేడ్చల్ దిక్కు గోదాముల చేస్తున్నడు. సైకిళ్ళు ముక్కలు ముక్కలు వస్తయి, సగం బిగించి మల్ల డబ్బాల పెట్టాలె. ఆన్‌లైన్లకు పోతయంట. వారానికొక్కపారి ఇంటికొస్తడు."

ఏమీ తెలియనట్టు, "షాపు ఎందుకు మూసేశారు?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. చుట్టూ చూసింది. ప్యాంట్రీలో ఇంకెవరూ లేరు.

"సామాను కొనుడు బంద్ చేసిండ్రు, అయినా రిపేర్ల మీద బతికినం. మీరు రాసినంక గవి గూడ బందయినయి."

కప్పు బల్ల మీద పెట్టేశాను. "నీకు తెలుసా?"

"ఆ దినమే ఎర్కే మేడం. నల్లగండ్లల గేర్ల సైకిల్ మీదికెల్లి పడి చెయ్యి ఇరిగినోళ్ళు ఎందరున్నరు? ఆయనకు గూడ ఎర్కే. ఎర్కుండే మీ ఇంటికొచ్చిండు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే మీరు కాదంటరు. కాదన్నంక ఇగ తీసెయ్యరు. ఆమె ఇజ్జత్ పోకుంట ఆమెతోనే తీయించాలె అన్నడు. నేను వద్దన్న. చేసినామె ఇంటికి పండ్లు పట్టుకపోవుడేంది అని కొట్లాడిన. ఇనలే."

"సారీ వదినా" అన్నాను.

"ఆయన మాఫ్ చేసిండు. ఆయన గసుంటోడు" అంది. గొంతు పెంచలేదు, కళ్ళు తిప్పుకోలేదు. "నేనైతే చెయ్యలే మేడం."

అప్పుడే సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఆమె గుడ్డ నీళ్ళలో ముంచి పిండింది. "జర జరుగుండ్రి మేడం, గిక్కడ తుడవాలె" అంది, ఎవరితోనైనా అన్నట్టు. నేను జరిగాను.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "ఇంగేం చేస్తావు?" అన్నాడు. ఏదో చెయ్యాలనే అనుకున్నాను. వాళ్ళ బిడ్డ చదువుకు సాయం చేద్దామా, గ్రూపులో జరిగిందంతా రాద్దామా, మేడ్చల్ వెళ్ళి ఆయన్ని కలుద్దామా. గ్రూపులో రాయడానికి ఒకసారి కూర్చున్నాను కూడా. సగం రాసి చెరిపేశాను.

ఆమె ఇంకా మా అంతస్తులోనే పనిచేస్తోంది. నేను కాఫీకి మెట్లెక్కి ఆరో అంతస్తుకు వెళ్తున్నాను. ఎందుకంత దూరమని టీములో వాళ్ళు అడిగితే, షుగరుంది కదా, నడిస్తే మంచిదని చెబుతున్నాను.